సెవుల మేడమ్ విశాఖ వెళ్లొచ్చింది

విశాఖపట్నం వెళ్లొచ్చానని చెప్పగానే మా అనంతపురంలో అందరూ సముద్రం ఎలా ఉందని అడుగుతున్నారు. బాగానే ఉంది. కానీ నేను దాన్ని చూసింది మొత్తం కలిపి గంటన్నర. మిగతా నాలుగు రోజులూ మనుషుల చెవుల దగ్గరే గడిచిపోయాయి. అందుకని సముద్రం కోసం ఇది చదవడం మొదలుపెట్టినవాళ్లు నన్ను క్షమించాలి.

నేను వినికిడి పరీక్షలు చేసే టెక్నీషియన్ని. హైదరాబాదులో డాక్టర్ హేమలత గారని ఒకావిడ, పని చోట మోతల వల్ల చెవులు ఎంత దెబ్బతింటున్నాయి, వయసు వల్ల ఎంత తగ్గుతున్నాయి, రెండూ కలిస్తే మనిషికి ఏమవుతోంది అని పరిశోధన చేస్తున్నారు. యాభై దాటిన కార్మికులు, చేపల పనివాళ్లు, రైతులు ఆమెకు కావాలి. విశాఖ వైపు వెళ్లాల్సిన అమ్మాయికి ప్రసవం దగ్గరపడటంతో ఆ పని నా మెడకు పడింది. సూట్‌కేసులో పట్టే యంత్రం, ఒక హెడ్‌ఫోను, కాగితాల కట్ట పట్టుకుని రైలెక్కాను.

పరీక్షలు రెండు. మొదటిదానిలో హెడ్‌ఫోను పెట్టుకుంటే 'కూ' మని సన్నగా, లావుగా రకరకాల శబ్దాలు వస్తాయి. వినపడినప్పుడల్లా బటన్ నొక్కాలి. రెండోదానిలో రికార్డు చేసిన ఇరవై మాటలు వినిపిస్తాం, విన్న మాట తిరిగి చెప్పాలి. ఏళ్ల తరబడి మోత తిన్న చెవి ముందుగా పోగొట్టుకునేది సన్నటి శబ్దాలను. చ, స, త లాంటి అక్షరాలు మొదట జారిపోతాయి. అందుకే డాక్టరు గారు ఆ జాబితాలో కావాలనే చేప, చెట్టు, చీర, చాప, చెరువు లాంటి మాటలు గుమ్మరించారు. ఈ సంగతి కొంచెం గుర్తుంచుకోండి.

వన్ టౌన్

వన్ టౌన్ ఓడరేవుకు ఆనుకున్న పాత ఊరు. సన్నటి సందులు, పాత మేడలు, హోల్‌సేల్ దుకాణాలు. ఆటో వాడు నన్నూ సూట్‌కేసునూ ఒక సందు మొదట్లో దించేసి, "ఇంక నోపలికి బండి ఎల్దు మేడమ్. సరుకు దించుతున్నారు," అన్నాడు. నిజమే, ముందు ఉల్లిపాయల లారీ అడ్డంగా ఉంది.

పొద్దున టిఫినుకు వెళ్లిన హోటల్లో ఇడ్లీ మీద అల్లం చట్నీ, పక్కన కొబ్బరి చట్నీ పెట్టి నలభై రూపాయలు తీసుకున్నారు. చట్నీ తియ్యగా ఉంది. మా వైపు చట్నీ నోట్లో పెట్టుకుంటే కళ్లు తుడుచుకోవాలి. కారం లేదా అని అడిగితే సర్వరు నన్ను జాలిగా చూసి, కారప్పొడి డబ్బా తెచ్చి నా ముందే వదిలేసి వెళ్లాడు.

మాకిచ్చింది ఒక సంఘం వాళ్ల హాలు. కిటికీకి అటు వైపు ఇనుప సామాన్ల కొట్టు, ఇటు వైపు ఆటో స్టాండు. మధ్యమధ్యలో రేవులోంచి ఓడ కూత. 'కూ' పరీక్ష పెట్టాలంటే గదిలో నిశ్శబ్దం ఉండాలి. గంటసేపు తలుపులు మూసి, కిటికీలకు దుప్పట్లు కట్టి చూశాను. నా హెడ్‌ఫోనులోకి కూడా ఇనుప గొట్టాలు దొర్లుతూ వచ్చాయి. ఆ పరీక్ష పక్కన పెట్టి మాటల పరీక్ష ఒక్కటే మొదలుపెట్టాను. మాటలు కొంచెం గట్టిగా వినిపించవచ్చు కదా.

వరుసలో మొదట వచ్చిన వాళ్లలో సన్యాసిరావు ఉన్నాడు. అరవై నాలుగేళ్లు. ఇనుప రేకులు సాపు చేసే ఒక షెడ్డులో ముప్ఫై ఏళ్లు సుత్తి పట్టి, ఇప్పుడు పక్క వీధిలో పరుపుల గోడౌనుకు కాపలా ఉంటున్నాడు. ఇరవైలో మూడు మాటలే సరిగ్గా చెప్పాడు. లేస్తూ, "ఇంత మోతలో ఏటి పరీచ్చ మేడమ్గోరు? మా గోడౌనుకి రండి. నోపల కూకుంటే ఏటీ ఇనపడదు, ఒట్టు," అన్నాడు.

ఈయనకు ఎక్కడ కూర్చున్నా అంతే కదా అనుకుని నవ్వుకున్నాను. వెళ్లలేదు.

తర్వాత వచ్చినావిడ నూకరత్నం. అరవై దాటి ఉంటాయి. ముక్కుకు రెండు వైపులా పుడకలు, మోచేతుల దాకా పచ్చబొట్లు. చేపల రేవులో వేలం పాడుతుందట. హెడ్‌ఫోను పెట్టుకుని కుర్చీలో నిటారుగా కూర్చుంది.

యంత్రం "చేప" అంది. ఆవిడ "సేప" అంది. నేను ఇంటూ పెట్టాను. "చెట్టు" అంది. "సెట్టు." ఇంటూ. "చీర." "సీర." ఇంటూ.

నాకు అనుమానం రాలేదంటే అబద్ధం. వచ్చింది. కానీ విన్నది విన్నట్టు పలకకపోతే తప్పు అని నాకిచ్చిన కాగితం మీద ఉంది. పైగా బయట నలభై మంది వరుసలో ఉన్నారు. ఏం పలికారో పక్క గడిలో రాయాలని కూడా ఉంది. తొందరలో అదీ రాయలేదు. వట్టి ఇంటూలు పెట్టుకుంటూ పోయాను.

నూకరత్నానికి ఇరవైలో నాలుగు వచ్చాయి.

"ఏటొచ్చింది మేడమ్? పాసేనా?" అంది.

రెండు పరీక్షలూ అయ్యాక గానీ ఫలితం చెప్పకూడదు. ఆవిడ కదలకుండా నిలబడింది. నేను నోరు జారాను. "వినికిడి బాగా తగ్గిందమ్మా. పెద్దాసుపత్రిలో చూపించుకోవాలి."

హాలులో ఉన్నవాళ్లంతా విన్నారు. ఆవిడ ముఖం నల్లబడింది. "నా సెవులకేటయ్యింది? ఇరవై మంది ఒకేసారి అరిత్తంటే ఎవుడు ఎంతన్నాడో తేల్చేది నానే గదా," అంటూ చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

తగరపువలస

రెండో రోజు భీమిలి దారిలో తగరపువలస. హైవే మీద సంత ఊరు. కూరగాయల బుట్టలు, పశువుల తాళ్లు, ప్లాస్టిక్ కుర్చీలు అన్నీ ఒకేచోట అమ్ముతారు. ఇక్కడ కూడా సంత పక్క షెడ్డే దొరికింది. ఇక్కడ కూడా మాటల పరీక్షే. ఇక్కడ కూడా అందరూ తప్పారు.

మధ్యాహ్నం ఒక బండి దగ్గర అంబలి తాగడానికి వెళ్లాను. పాతికేళ్ల అమ్మాయి అమ్ముతోంది. చోడంబలి అంటే ఏమిటో అనుకున్నాను. తాగి చూస్తే మా రాగి అంబలే. రాగుల్ని ఇక్కడ చోళ్లు అంటారు. మా ఊళ్లో అయితే అదే రాగిని సంగటి ముద్ద చేసి, ఊరుబిండి పచ్చడితో తింటాం. గ్లాసు పదిహేను రూపాయలు, పక్కన ఉల్లిపాయ ముక్క, ఊరబెట్టిన మిరపకాయ. రెండు గ్లాసులు తాగాను.

నా పక్కనే పొద్దున నా దగ్గర పరీక్ష చేయించుకున్న ముసలి రైతు అంబలి తాగి లేచాడు. ఇరవైలో మూడు వచ్చిన మనిషి. రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోయాడు. మధ్యలో బస్సు ఒకటి ఆగి ఉంది. అప్పుడు అంబలి అమ్మాయి తల కూడా ఎత్తకుండా, మామూలు గొంతుతో, "తాతా, సంచీ మర్సిపోనావు," అంది.

బస్సు వెనక నుంచి జవాబు వచ్చింది. "ఉంచమ్మా, వచ్చి తీసుకుంతాను."

నా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. నాకే ఆ అమ్మాయి మాట సగం వినపడింది. ఆయన తిరిగి వచ్చాక, నా సంచీలోంచి జాబితా తీసి, "తాతా, నేను చెప్పింది మళ్లీ చెప్పు. చేప," అన్నాను.

"సేప."

"చెట్టు."

"సెట్టు."

"తాత తప్పు చెబుతున్నాడు కదా?" అని అంబలి అమ్మాయిని అడిగాను.

ఆమె నన్నూ తాతనూ మార్చి మార్చి చూసింది. "తప్పేటున్నాది మేడమ్? సేపనే గదా అన్నాడు. నువ్వూ సేపనే గదా అన్నావు."

ఇక్కడి చెవికి చేప, సేప ఒకటే మాట. డాక్టరు గారు దెబ్బతిన్న చెవిని పట్టుకోవడానికి ఏ అక్షరాన్ని వలగా వేశారో, ఆ అక్షరాన్నే ఈ ప్రాంతం మొత్తం మరోలా పలుకుతుంది. రెండు రోజుల్లో నేను మంచి చెవుల్నీ చెడిపోయిన చెవుల్నీ ఒకే గంపలో పోశాను. ఇంటూలు తప్ప ఏమీ రాసుకోలేదు కాబట్టి వాటిని ఇప్పుడు వేరు చేయడానికీ లేదు.

ఆ అంబలి బండి పక్కనే నిలబడి డాక్టరు గారికి ఫోను చేసి అంతా చెప్పాను.

"జాబితా రాసింది నేను. పుట్టింది గుంటూరులో. నాకు తట్టలేదు. కానీ సుగుణా, అక్కడ కూర్చుని విన్నది నువ్వు."

"అవును మేడమ్."

"కాగితాల సంగతి తర్వాత చూద్దాం. వినికిడి పోయిందని ఎవరికైనా చెప్పావా?"

"ఒకావిడకు చెప్పాను."

"ముందు ఆవిడ దగ్గరికి వెళ్లు."

చేపల రేవు

మూడో రోజు తెల్లవారగానే చేపల రేవుకు వెళ్లాను. పడవలు ఒకదానికొకటి రాసుకుంటూ నిలబడ్డాయి. నేల మీద ఐసు నీళ్లు, పొలుసులు. వెళ్లీ వెళ్లగానే కాలు జారి ఒక రొయ్యల ట్రే పక్కన కూర్చుండిపోయాను. ఇద్దరు ఆడవాళ్లు నవ్వుతూ లేపి, చీర మీద నీళ్లు కొట్టి, ఎవరు కావాలని అడిగారు. పేరు చెప్పగానే ఒకరినొకరు చూసుకున్నారు. "సెవుల మేడమ్ నువ్వేనా?" అంది ఒకావిడ.

నూకరత్నం బోర్లించిన గంప మీద కూర్చుని ఉంది. వేలం ఆవిడ కోడలు పాడుతోంది. కోడలి గొంతు బాగానే ఉంది గానీ రెండు ధరలు ఒకేసారి వస్తే తడబడుతోంది. సంగతేమిటో లేపిన ఆవిడే చెప్పింది. మొన్న నా హాలులో విన్నవాళ్లు రేవులో చెప్పారు. నిన్న వేలంలో ఒక వ్యాపారి రెండు చేతులూ నోటికి అడ్డంగా పెట్టుకుని నూకరత్నం చెవిలో ధర అరిచాడు. అందరూ నవ్వారు. పడవ యజమాని కొన్నాళ్లు ఇంటి దగ్గర ఉండమన్నాడు. ముప్ఫై ఏళ్లుగా ఆవిడ పాడని రోజు లేదట.

నేను వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. "నూకరత్నమ్మా, తప్పు నాది. నీ చెవులు బాగున్నాయి. నేనే సరిగ్గా వినలేదు."

ఆవిడ నావైపు చూడలేదు. "ఆ ముక్క నాకెందుకు సెప్తావు? నాకు తెల్దా నా సెవులు? అదిగో, ఆలకి సెప్పు. నువ్వు ఎల్లిపోతావు తల్లీ. నానిక్కడే ఉండాల."

వేలం ఆగింది. నేను ఒక ఖాళీ ట్రే ఎక్కాను. సభల్లో మాట్లాడిన అలవాటు లేదు. ఆవిడ సేప అంటే నేను తప్పు అని రాశానని, ఇక్కడి మాట నాకు తెలియకపోవడం ఆవిడ చెవుడు కాదని, మొన్న నలుగురిలో నేను అన్నది అబద్ధమని చెప్పాను.

"మరి సేపనేటంటారు మీ ఊర్లో?" అన్నాడు నిన్న చెవిలో అరిచిన వ్యాపారి.

"చేప."

"సేపే గదా," అన్నాడు. రేవంతా నవ్వింది. అతను పక్కవాడి వైపు తిరిగి, "అయినా మాట మీద ఎలా నమ్ముతాం బావా? మిసను పెట్టి తేల్చమను," అన్నాడు.

నూకరత్నం గంప మీంచి లేచింది. "పద. ఎక్కడెడతావో పెట్టు."

పరుపుల గోడౌన్

నిశ్శబ్దం ఎక్కడ దొరుకుతుందని ఆలోచిస్తే నాకు సన్యాసిరావు ఒక్కడే తోచాడు. రెండు ఆటోల్లో నేను, నూకరత్నం, ఆ వ్యాపారి, మరో ఇద్దరు ఆడవాళ్లు పరుపుల గోడౌనుకు వెళ్లాం. మమ్మల్ని చూసి సన్యాసిరావు స్టూలు మీంచి లేచి, పక్క కొట్టు కుర్రాడి చేత యజమానికి ఫోను చేయించి, తాళం తీశాడు.

లోపల నేల నుంచి కప్పు దాకా దూది పరుపులు. మధ్యలో ఆరేడుగురు కూర్చునేంత చోటు. తలుపు వేయగానే వన్ టౌన్ మాయమైంది. లారీలు లేవు, హారన్లు లేవు. హెడ్‌ఫోను పెట్టుకుని యంత్రం ఇవ్వగలిగిన అతి మెల్లని శబ్దం పెట్టి చూశాను. స్పష్టంగా వినపడింది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆసుపత్రి గదుల్లో కూడా ఇంత మంచి చోటు నాకు దొరకలేదు. మొదటి రోజే ఈయన మాట వినుంటే ఇంత జరిగేది కాదు.

నూకరత్నం కళ్లు మూసుకుని బటన్ పట్టుకుంది. లావు శబ్దం, నొక్కింది. సన్నది, నొక్కింది. ఇంకా తగ్గించాను. నొక్కింది. ఆ వయసుకు మామూలుగా తగ్గేపాటి తగ్గుదల తప్ప ఏమీ లేదు. గీత గీసిన కాగితం వ్యాపారికి చూపించి వివరించాను. అతను తల గోక్కుని, "నానేదో సరదాకి అరిసినాను అత్తా," అన్నాడు.

"రేపు అరిసి సూడు, సెప్తాను," అంది నూకరత్నం.

అక్కణ్ణుంచే డాక్టరు గారికి ఫోను చేస్తే ఆవిడకు ఒక ఆలోచన వచ్చింది. ఈ ప్రాంతం మాటల్లో, ఈ ప్రాంతం గొంతుతో కొత్త జాబితా రికార్డు చేయాలి. ఎవరి గొంతు అని అడగాల్సిన పని లేకపోయింది. నూకరత్నం ఒప్పుకుని కాగితం మీద సంతకం పెట్టింది. మొదటిసారి "సేప" అన్న మాటను వేలం పాటలా మూడుసార్లు, ఒకసారికంటే ఒకసారి పైకి ఎత్తి పాడింది. నాలుగోసారికి గానీ మామూలుగా అనడం కుదరలేదు. మధ్యలో ఇంటి నుంచి ఆవిడ తెప్పించిన నెత్తళ్ల వేపుడు, అన్నం పరుపుల మధ్యే తిన్నాం. వేలెడంత చేపల్ని ముల్లుతో సహా నమిలేయాలని చెప్పకపోతే నేను సాయంత్రం దాకా ముళ్లు ఏరుతూ ఉండేదాన్ని.

కొత్త రికార్డు మొదట ఎవరి మీద పరీక్షించాలి? సన్యాసిరావు కూర్చున్నాడు.

'కూ' పరీక్షలో లావు శబ్దాలు బాగానే విన్నాడు. సన్నవి మొదలయ్యాక బటన్ మీద వేలు కదల్లేదు. పెంచాను. ఇంకా పెంచాను. ఆయన నా ముఖం చూస్తూ ఓపిగ్గా ఎదురుచూస్తున్నాడు. మాటల పరీక్షలో సేప, సెట్టు అన్నీ ఒప్పుగానే లెక్క వేసుకున్నా ఐదు దాటలేదు.

"ఆవిడ గొంతు ఇనపడతన్నాది మేడమ్గోరు. మాటే తెగిపోతన్నాది," అన్నాడు.

నూకరత్నం ఊరుకోలేదు. ఎదురుగా కూర్చుని, "బావా, నాను సెప్తాను, సూడు. సీర," అంది. ఆయన "సీర" అన్నాడు. "సాప." "సాప." వరుసగా పది మాటలు చెప్పాడు, ఒక్కటీ తప్పలేదు. వ్యాపారి చప్పట్లు కొట్టాడు.

నాకు అర్థమైంది. నూకరత్నాన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పమన్నాను.

ఆవిడ చెప్పింది. సన్యాసిరావు ఏమీ అనలేదు. మళ్లీ చెప్పింది. ఆయన కళ్లు ఆ కొంగు మీదే ఉన్నాయి.

"అదేటి, కొంగు తీసీ," అన్నాడు మెల్లగా.

ఆయన ఏళ్ల తరబడి పెదాలు చూసి వింటున్నాడు. ఆ సంగతి ఆయనకే తెలియదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను. మొదటి రోజు నూకరత్నానికి నాలుగు, ఈయనకు మూడు. ఆ లెక్కన ఇద్దరూ ఒకటే. ఈయనకు నిజంగా సాయం అవసరమని ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు.

పెద్దాసుపత్రికి చీటీ రాశాను. చెవికి పెట్టుకునే పరికరంతో మాట తేటపడే అవకాశం ఉందని, పూర్తిగా మునుపటిలా మాత్రం కాదని చెప్పాను. ఆయన చీటీ మడిచి, వెళ్లకుండా నిలబడ్డాడు.

"ఇంకో కాయితం రాసిత్తారా? మా ఆడదానికి. ఇనపడీ ఇనపడనట్టు ఉంటానని పదేళ్లుగా గొడవ. నానేటి సెప్పినా నమ్మదు."

తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాను. 'ఈయన కావాలని ఊరుకోవడం లేదు. ఈయనకు మాట సరిగ్గా వినపడటం లేదు. ఎదురుగా నిలబడి మాట్లాడండి.' కింద సంతకం పెట్టి ముద్ర వేశాను. ఆయన రెండుసార్లు చదువుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే నా గంటన్నర సముద్రం. ఒడ్డున మూరీ మిక్చర్ కొనుక్కున్నాను, ముప్ఫై రూపాయలు. మూరీ అంటే మా బొరుగులే. మేం వాటిని తడిపి ఉగ్గాణి చేసుకుంటాం, వీళ్లు పొడిగా ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం కలుపుతారు. పొట్లం విప్పగానే గాలి సగం బొరుగుల్ని నా వెనక కూర్చున్న కాలేజీ పిల్లల మీద చల్లింది. వాళ్లు ఏమీ అనుకోలేదు. ఒకమ్మాయి తన పొట్లంలోంచి గుప్పెడు నాకు పెట్టింది.

ఎలమంచిలి

నాలుగో రోజు ఆదివారం, ఎలమంచిలి. రైలు దారి మీద ఊరు, చుట్టూ పొలాలు. సన్యాసిరావు సొంతూరు ఇదే. వారానికి ఒకరోజు ఇంటికి వస్తాడు. ముందు రాత్రే వచ్చాడు కాబట్టి పొద్దున్నే శిబిరం పెట్టిన బడికి వచ్చి, బల్లలు జరిపి, వచ్చిన రైతుల్ని వరుసలో నిలబెట్టాడు. సెలవు రోజు కావడంతో బడి నిశ్శబ్దంగా ఉంది. రెండు పరీక్షలూ సరిగ్గా జరిగాయి. నూకరత్నం గొంతు హెడ్‌ఫోనులో "సెరువు" అనగానే ఒక పెద్దాయన, "ఎవులీ అమ్మ? మన మనిసే," అన్నాడు. ఈసారి ఏం పలికారో ప్రతి గడిలోనూ రాశాను. మంచి చెవులు మంచివిగా, దెబ్బతిన్నవి దెబ్బతిన్నవిగా విడిపోతుంటే కడుపు నిండినట్టయింది. వన్ టౌన్, తగరపువలస వాళ్లందరినీ పిలిచి మళ్లీ చూడాలని డాక్టరు గారు అప్పటికే నిర్ణయించారు.

మధ్యాహ్నం గౌరమ్మ, అంటే సన్యాసిరావు భార్య, క్యారియరు పట్టుకుని వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. నా దగ్గరికి వచ్చి, ఒక గిన్నె తీసి బల్ల మీద పెట్టింది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, నా కోసం. తర్వాత జాకెట్టులోంచి నేను రాసిచ్చిన కాగితం తీసింది.

"ఇది నిజమేనా మేడమ్?"

"నిజమేనమ్మా."

"ఎనక నుంచి పిలిత్తే పలకడు. వంటింట్లోంచి అడిగితే పలకడు. మగోడి పొగరనుకున్నాను. ఒకసారి మూడు నెల్లు మాట్లాడ్డం మానేసినాను." ఆవిడ కాగితం వైపే చూస్తోంది. "ఆ మూడు నెల్లూ ఈయనకి తెలిసిందో నేదో."

ఆవిడ కాగితం మళ్లీ జాగ్రత్తగా దాచుకుని క్యారియరు అందుకుంది.

సన్యాసిరావు గది అవతలి మూల కిటికీ వైపు తిరిగి కూర్చుని, రైతుల పేర్లు రాసుకుంటున్నాడు. గౌరమ్మ గుమ్మం దగ్గర ఆగి, పిలవబోయి నోరు తెరిచింది. పిలవలేదు. బల్లల మధ్య నుంచి నడిచి, ఆయన చుట్టూ తిరిగి, కిటికీకీ ఆయనకూ మధ్య వెళ్లి నిలబడింది. ఆయన తలెత్తాడు.

"అన్నం తెచ్చినాను. తిను," అంది, ఒక్కొక్క మాటా విడదీసి, చాలా గట్టిగా. బయట వరుసలో ఉన్నవాళ్లు కూడా లోపలికి తొంగి చూశారు.

ఆయన పెన్ను మూత పెట్టాడు.

"అరవక్కర్నేదే," అన్నాడు. "ఇనపడింది."